బండి తాగితే నేరమా?
(పందెపు కారుని ఇథనాలుకి మార్చడం గూర్చి ఒక పాఠం)

"తాగి బండి నడపరాదు" అని మన పోలీసువారు రోడ్డు పక్కన బోర్డులు పెడతారు. మంచిదే. కానీ మనిషి తాగకుండా బండే తాగితే ఏ సెక్షను కింద కేసు పెడతారో ఏ బోర్డు మీదా రాసి లేదు. ఇది నవ్వులాటకి అంటున్న మాట కాదు. ఈరోజు మనం బంకులో కొట్టించుకునే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు, అనగా సారాలో ఉండే అసలు సరుకు, కలిసి ఉంటోంది. 2003 జనవరిలో మన రాష్ట్రంతో కలిపి తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైన ఈ కలపడం, 2022 జూన్ నాటికి 10 శాతానికీ, 2025 నాటికి 20 శాతానికీ చేరింది. అంటే మన ప్రిన్సిపాలుగారి కారు మొదలు క్యాంటీను కుర్రాడి మోటారుసైకిలు వరకు అన్నీ కొద్దో గొప్పో తాగే నడుస్తున్నాయన్నమాట.

ఈ సంగతి నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు. మా ఇంట్లో ఒక రాత్రి పాఠమై వచ్చింది. మాది తణుకు దగ్గర పల్లెటూరు. పోయిన వర్షాకాలంలో వారం రోజులు ముసురు పట్టింది. మా నాన్నగారి పాత మోటారుసైకిలు గొడ్లచావిట్లో, చూరు కింద, సగం ట్యాంకుతో నిలబడి ఉంది. వారం దాటాక ఒకనాటి రాత్రి మా నాయనమ్మకి ఆయాసం వచ్చింది. బండి తీస్తే స్టార్టు కాదు. నాన్నగారు కిక్కు కొట్టీ కొట్టీ చెమటలు కక్కారు. చివరికి పక్కింటివారి ఆటోలో తణుకు తీసుకెళ్లాం. నాయనమ్మ బాగానే ఉంది గానీ, ఆ అరగంట మాత్రం ఇంట్లో ఎవ్వరమూ మర్చిపోలేదు. మర్నాడు పొద్దున్న ట్యాంకు విప్పి గాజుసీసాలోకి వంపితే రెండు పొరలు కనిపించాయి. పైన పసుపు రంగు పెట్రోలు, కింద నీళ్లలాంటిది. ట్యాంకు మూత రబ్బరు పగిలి చూరునీళ్లు దిగాయి. తప్పు బంకుది కాదు, మాదే. కానీ ఇదివరకు రెండు చుక్కలు నీళ్లు దిగితే అడుగున ఊరుకునేవి. ఇప్పుడు అడుగున ఉన్న పొర అంత ఎక్కువ ఎందుకుంది? ఆ ప్రశ్నతో కాలేజీకి వచ్చాను.

ఇది జరిగిన కొత్తల్లోనే రాజమండ్రిలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు కబురు పెట్టాడు. ఆయనకి కార్ల పిచ్చి. కార్బ్యురేటరుతో నడిచే పాత ఎస్టీము ఒకటి కొని, ర్యాలీల్లో తిప్పాలని ఆశ. "ఒరే తమ్ముడూ, సైన్సు చదువుతున్నావు గదా! పందేల కార్లన్నీ ఆల్కహాలు మీదే పోతాయంట. మన బండిని పూర్తిగా ఇథనాలుకి మార్చేద్దాం, లెక్క కట్టి చెప్పరా" అన్నాడు. నేను లెక్క కట్టాను. ఆ లెక్కే ఈ వ్యాసం.

1. గాలి లెక్క

ఇంజను తినేది ముఖ్యంగా గాలి. ఇంధనం నంజుడు మాత్రమే. ఎంత గాలికి ఎంత ఇంధనం అన్నదే మొదటి పాఠం. ఇంటర్మీడియెట్ కెమిస్ట్రీ చాలు.

ఇథనాలు అణువులో 2 కార్బన్లు, 6 హైడ్రోజన్లు, 1 ఆక్సిజను ఉంటాయి. అణుభారం 46. అది పూర్తిగా కాలడానికి 3 ఆక్సిజను అణువులు కావాలి, వాటి బరువు 96. గాలిలో బరువు ప్రకారం ఆక్సిజను 23.2 శాతం. కనుక కావలసిన గాలి 96 ని 0.232 తో భాగిస్తే వచ్చే 414. దాన్ని 46 తో భాగిస్తే 9. అంటే ఒక కిలో ఇథనాలుకి 9 కిలోల గాలి.

ఇప్పుడు పెట్రోలు. అది ఒక పదార్థం కాదు, కలగూరగంప. దానికి ప్రతినిధిగా ఆక్టేనుని తీసుకుందాం. 8 కార్బన్లు, 18 హైడ్రోజన్లు, అణుభారం 114. దానికి పన్నెండున్నర ఆక్సిజను అణువులు కావాలి, బరువు 400. పై విధంగానే లెక్కిస్తే కిలోకి సుమారు 15 కిలోల గాలి వస్తుంది. అసలు పెట్రోలుకి ఇంజనీర్లు వాడే అంకె 14.7.

ఈ తేడా ఎందుకు? ఇథనాలు బరువులో మూడో వంతుకి పైగా ఆక్సిజనే. చద్దిమూట కట్టుకుని పనికొచ్చిన కూలీ లాంటిదది. మనింట్లో దానికి పెట్టవలసిన అన్నం తక్కువ. అయితే మూటలో సగం చద్ది కనుక, అది మోసుకొచ్చే పనిముట్లూ తక్కువే. కిలో పెట్రోలు కాలితే సుమారు 43 మెగాజౌళ్ల వేడి వస్తుంది. కిలో ఇథనాలుకి సుమారు 27 మాత్రమే. లీటర్లలో చెప్పాలంటే 32 కి 21. రమారమి మూడింట రెండు వంతులు.

2. జెట్టు లెక్క

ఒకే గాలికి ఇథనాలు బరువులో 14.7 ని 9 తో భాగించినంత, అంటే 1.63 రెట్లు కావాలి. ఇథనాలు పెట్రోలు కంటే కొంచెం బరువైన ద్రవం కనుక పరిమాణంలో ఒకటిన్నర రెట్లు చాలు. కార్బ్యురేటరులో ఇంధనం పోయే ఇత్తడి జెట్టు రంధ్రం వైశాల్యం సుమారు ఒకటిన్నర రెట్లకి పైన పెరగాలి. ఇక్కడే చాలామంది మెకానిక్కులు పొరబడతారు. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కనుక వ్యాసం ఒకటిన్నర రెట్లు చెయ్యకూడదు, నాలుగో వంతు పెంచితే సరి. 1.00 మిల్లీమీటరు జెట్టుకి 1.25 అన్నమాట. ఒకటిన్నర రెట్లు చేస్తే వైశాల్యం రెండుంపావు రెట్లయి, ఇంజను తాగి పడిపోయినవాడిలా ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

ఇంజక్షను ఉన్న కొత్త బళ్లకి కూడా ఇదే సూత్రం. ఇంజక్టర్లు పెద్దవి కావాలి, పంపు ఒకటిన్నర రెట్లు తోడాలి, కంప్యూటరుకి కొత్త లెక్క నేర్పాలి. ఇవేవీ చెయ్యకుండా నేరుగా ఇథనాలు పోస్తే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అవుతుంది. బండి గతుకుతుంది, లేదా అసలు అంటుకోనే అంటుకోదు.

మరి 20 శాతం కలిపిన పెట్రోలు మాటేమిటి? అదే పద్ధతిలో లెక్కిస్తే దానికి కావలసిన గాలి 13.5. ఇంధనం 7, 8 శాతం ఎక్కువ కావాలి. జెట్టు వ్యాసం 4 శాతం పెరిగితే చాలు. లీటరులో వేడి కూడా 6, 7 శాతం తగ్గుతుంది. పాత కార్లకి మైలేజి 6, 7 శాతం, పాత మోటారుసైకిళ్లకి 3, 4 శాతం తగ్గవచ్చునని 2021 లో నీతి ఆయోగ్ నివేదికలోనే ఒప్పుకున్నారు. కనుక "సగానికి సగం పడిపోయింది" అనేవారి మాటా నిజం కాదు, "ఏమీ తగ్గలేదు" అనేవారి మాటా నిజం కాదు.

3. బలం ఎక్కడిది?

ఇక్కడ బుద్ధిమంతుడైన పాఠకుడు ఆగి అడగాలి. ఇథనాలులో వేడి తక్కువైతే పందేలవాళ్లు దాని వెంట ఎందుకు పడతారు?

కిలో గాలికి ఎంత వేడి వస్తుందో చూడండి. పెట్రోలుకి 43 ని 14.7 తో భాగిస్తే 2.9. ఇథనాలుకి 27 ని 9 తో భాగిస్తే 3. దాదాపు సమానం! అంటే ఇంజను మార్చకుండా ఇంధనం మాత్రం మారిస్తే బలం పెద్దగా పెరగదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది. బలం వేరే రెండు చోట్ల దాగి ఉంది.

మొదటిది చల్లదనం. ఇంజక్షను చేసేముందు నర్సమ్మ స్పిరిటు దూది రాస్తే చెయ్యి జిల్లుమంటుంది గదా! ద్రవం ఆవిరి కావడానికి వేడి లాక్కుంటుంది. ఇథనాలు కిలోకి సుమారు 900 కిలోజౌళ్లు లాక్కుంటుంది, పెట్రోలు సుమారు 350. పైగా ఇథనాలు ఎక్కువ పోస్తున్నాం. కిలో గాలి నుంచి ఇథనాలు లాగేది 100 కిలోజౌళ్లు, పెట్రోలు లాగేది 24. నాలుగు రెట్లు తేడా. ఇంధనమంతా లోపలికి పోయేలోగానే ఆవిరి కాదు గనక పూర్తి ఫలితం రాదు. కానీ వచ్చినంతలోనే గాలి చల్లబడి, చిక్కబడి, సిలిండరులో ఎక్కువ పడుతుంది.

రెండోది ఓర్పు. పెట్రోలు, గాలి మిశ్రమాన్ని మరీ నొక్కితే ప్లగ్గు పెట్టిన నిప్పు చేరకముందే ఎక్కడో ఒక మూల తనంతట తానే పేలుతుంది. దాన్నే మెకానిక్కులు నాకింగు అంటారు. ఎత్తు మీద బరువుతో పోతున్నప్పుడు గులకరాళ్లు కదిపినట్టు వినిపించే చప్పుడు అదే. ఆ నొక్కుడుని ఓర్చుకునే గుణాన్ని ఆక్టేను అంకెతో కొలుస్తారు. మన మామూలు పెట్రోలుకి ఇదివరకు 91, ఇథనాలు 20 శాతం కలిపినదానికి 95, ఒట్టి ఇథనాలుకి 108 ప్రాంతం. కనుక ఇథనాలుని మరింత నొక్కవచ్చు. ఫిజిక్సులో చదివే ఆటో చక్రం సూత్రం ప్రకారం 9 రెట్లు నొక్కే ఆదర్శ ఇంజను సామర్థ్యం 58.5 శాతం. 13 రెట్లు నొక్కితే 64 శాతం. అసలు ఇంజను ఇందులో సగం ఇస్తే గొప్ప. అయినా ఆ పదో వంతు లాభం మాత్రం నిజమైనది.

స్వీడన్ దేశంలో కోనిగ్‌సెగ్ కంపెనీవారు దీన్ని లోకానికి చూపించారు. వారి సి.సి.ఎక్స్. కారు పెట్రోలు మీద 806 గుర్రాల బలం ఇచ్చేది. అదే జాతి ఇంజనుని 85 శాతం ఇథనాలుకి తగ్గట్టు మార్చి 2007 లో సి.సి.ఎక్స్.ఆర్. తెచ్చారు. బలం 1018 గుర్రాలకి పెరిగింది. అమెరికాలో ఇండీ పందేల కార్లు కూడా 2007 లో ఇథనాలుకి మారాయి. అంతకుముందు నలభై ఏళ్లు వారు వాడింది మెథనాలు. 1964 ఇండియానాపొలిస్ పందెంలో పెట్రోలు మంటల్లో ఇద్దరు డ్రైవర్లు చనిపోయాక ఆ మార్పు వచ్చింది. ఆల్కహాలు మంట నీళ్లకి ఆరుతుంది. కానీ ఎండలో సరిగా కనిపించదు, అదొక ప్రమాదం. ఇంకొక మాట. మెథనాలు వేరు, ఇథనాలు వేరు. మన పల్లెల్లో కల్తీసారా తాగి కళ్లు పోవడం, ప్రాణాలు పోవడం ఎక్కువగా ఆ మెథనాలు వల్లనే. ఇంధనం కోసం అమ్మే ఇథనాలులో కూడా తాగకుండా విషం కలుపుతారు. ఇది బండి తాగడానికే, మనిషికి కాదు.

బలం కావాలంటే మరి చెయ్యవలసినదేమిటి? సిలిండరు హెడ్డు అరగదీసి గాని, పిస్టన్లు మార్చి గాని నొక్కుడు పెంచాలి. నిప్పు పెట్టే సమయం కొంచెం ముందుకి జరపాలి. చల్లారిన ప్లగ్గులు వెయ్యాలి. ఇంజను ఆయిలు తరచుగా మార్చాలి, ఎందుకంటే ఎక్కువ ఇంధనం పోవడం వల్ల సిలిండరు గోడల నూనె కడుక్కుపోతుంది. ఇదంతా చేశాక ఆ బండికి మళ్లీ పెట్రోలు పొయ్యకూడదు. 13 రెట్లు నొక్కితే పెట్రోలు పేలి పిస్టన్లకి చిల్లులు పెడుతుంది. ఇది తిరుగు టిక్కెట్టు లేని ప్రయాణం.

4. నీళ్లతో స్నేహం

ఇప్పుడు మా గొడ్లచావిడి సీసాకి వద్దాం. మా కెమిస్ట్రీ లెక్చరరుగారు నా ప్రశ్నకి జవాబు చెప్పకుండా, మూత ఉన్న 100 మిల్లీలీటర్ల కొలజాడీ చేతికిచ్చారు. "50 దాకా నీళ్లు పొయ్యి, ఆపైన 100 దాకా బంకు పెట్రోలు పొయ్యి, ఊపి నిలబెట్టు" అన్నారు. ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా చేశాం. పది నిమిషాలాగి చూస్తే నీళ్ల పొర 59 దగ్గర ఉంది! ఎక్కడివి ఆ తొమ్మిది? పెట్రోలులోని ఇథనాలు చెలికాడిని వదిలేసి నీళ్లతో లేచిపోయింది. ఇథనాలు, నీళ్లు కలిసినప్పుడు మొత్తం కొంచెం ముడుచుకుంటుంది గనుక పది ఉండవలసినది తొమ్మిది కనిపించింది. చిటికెడు ఉప్పు వేస్తే పొరలు ఇంకా తొందరగా విడిపోతాయి. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు.

మా బండి ట్యాంకులో జరిగింది అచ్చం ఇదే. దిగిన నీళ్లు కొన్నే. కానీ అవి ఇథనాలుని కూడా కిందికి లాగి పెద్ద పొరయ్యాయి. ట్యాంకు అడుగునుంచే కార్బ్యురేటరుకి గొట్టం పోతుంది. మా నాన్నగారు ఆ రాత్రి కిక్కు కొట్టింది పెట్రోలు మీద కాదు, నీళ్లసారా మీద.

విచిత్రమేమంటే ఒట్టి ఇథనాలు మీద నడిచే బండికి ఈ చిక్కు లేదు. ఇథనాలు, నీళ్లు ఎంతెంతైనా కలిసిపోతాయి కనుక పొరలు పడవు. మామూలు బట్టీతో ఎంత వడకట్టినా ఇథనాలు 95 శాతం పైచిలుకు దగ్గర ఆగిపోతుంది, మిగతా నీళ్లు మరగబెడితే పోవు. బ్రెజిల్‌లో బండ్లు ఆ నీళ్లతోనే నడుస్తాయి. పెట్రోలులో కలపాలంటే మాత్రం ఆ నాలుగైదు శాతం నీళ్లు కూడా జల్లెడలాంటి ప్రత్యేక ఖనిజంతో పీల్చెయ్యాలి. లేకపోతే బంకులోనే పొరలు పడతాయి.

5. రబ్బరు, లోహం, ఆముదం

పాత బళ్లలో ఇథనాలుకి శత్రువులు చాలా ఉన్నాయి. మామూలు రబ్బరు గొట్టాలు, వాషర్లు ఉబ్బి మెత్తబడతాయి. కార్బ్యురేటరు పోతపోసిన జింకు, అల్యూమినియం మిశ్రమం తడి ఆల్కహాలుకి తెల్లటి బూజులా పొడి కడుతుంది. ఏళ్ల తరబడి ట్యాంకులో పేరుకున్న జిగురుని ఇథనాలు కడిగి ఫిల్టరులో కుక్కుతుంది. కనుక మార్చినవారు మొదటి నెలలో ఫిల్టరు రెండు మూడుసార్లు చూసుకోవాలి. గొట్టాలకి ఫ్లోరిన్ కలిసిన రబ్బరు, ట్యాంకుకి స్టెయిన్‌లెస్ స్టీలు అయితే భేషు.

ఇంకొక సరదా సంగతి. మామూలు ఇంజనాయిలు ఆల్కహాలులో కరగదు. ఆముదం కరుగుతుంది. అందుకే పూర్వం ఆల్కహాలు మీద నడిచే పందెపు ఇంజన్లకి ఆముదం ఆధారంగా చేసిన నూనెలు వాడేవారు. మా నాయనమ్మ తలకి రాసే ఆముదానికి అంత గొప్ప చరిత్ర ఉందని చెబితే, "ఆయ్, ఇప్పుడు తెలిసిందా నీకు?" అంది.

చలికి స్టార్టు కాకపోవడం మరొక లోపం. సుమారు 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఇథనాలు అంటుకునేంత ఆవిరి ఇవ్వదు. బ్రెజిల్ బళ్లలో అందుకని చిన్న పెట్రోలు ట్యాంకు ఒకటి పక్కన పెట్టేవారు. మన రాజమండ్రిలో సంక్రాంతి మంచులో కూడా ఆ బాధ అరుదే.

6. ముందు నడిచినవాళ్ల కథ

బ్రెజిల్ దేశం 1975 లో చమురు ధరల దెబ్బకి చెరకు ఆల్కహాలు పథకం మొదలుపెట్టింది. 1979 లో ఒట్టి ఇథనాలు మీద నడిచే ఫియట్ 147 కారు వచ్చింది. జనం దానికి తమ చెరకుసారా పేరు మీద ముద్దుపేరు పెట్టుకున్నారు. 1980 ల మధ్యకి అమ్ముడయ్యే కొత్త కార్లలో అత్యధిక భాగం ఆల్కహాలువే. కానీ పంచదార ధర లాభసాటి కాగానే మిల్లులు చెరకుని అటు తిప్పాయి. 1989 చివర ఆల్కహాలు బంకుల దగ్గర బారులు తీరారు. జనానికి నమ్మకం పోయింది. 2003 లో ఏ పాళ్లలో పోసినా సర్దుకునే ఇంజన్లు వచ్చాకనే ఆ నమ్మకం తిరిగి వచ్చింది. ఇంజను గెలిచింది 1979 లో, మనుషులు గెలిచింది 2003 లో అనవచ్చు.

మన దేశంలోనూ ఇది కొత్త ముచ్చట కాదు. మోటారు ఆల్కహాలు కోసం 1948 లోనే ఒక చట్టం చేశారు, 2000 లో రద్దు చేశారు. మన గోదావరి సంగతి చెప్పాలంటే, తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాదు గారు 1947 లో ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. చెరకుతో మొదలై ఆల్కహాలు, రసాయనాలు, చివరికి ఇస్రో రాకెట్లకి కావలసిన ద్రవ ఇంధనం దాకా ఆ సంస్థ చేసింది. మా తాతగారు ఎడ్లబండి మీద చెరకు తోలిన ఊరి నుంచి రాకెట్టు మందు పోయిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇటీవలిది గింజల కాలం. 2022 నవంబరు 4 న గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డిలో రోజుకి 2 లక్షల లీటర్ల ఇథనాలు కర్మాగారానికి అప్పటి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. నూకలు, పాడైన ధాన్యం, మొక్కజొన్న దీనికి ముడిసరుకు. టన్ను నూకల నుంచి సుమారు 450 లీటర్లు వస్తుంది. ఇది కూడా లెక్క వేసి చూడవచ్చు. నూకల్లో ముప్పాతిక వంతు పిండిపదార్థం. కిలో పిండిపదార్థం నుంచి పుస్తకం ప్రకారం 0.72 లీటర్ల ఇథనాలు రావాలి. టన్నుకి 540. ఆచరణలో తరుగు పోగా 450. కనుక రోజుకి 2 లక్షల లీటర్లు తియ్యాలంటే రోజుకి 440 టన్నుల పైన గింజ కావాలి. మిగిలే పిప్పిలో మాంసకృత్తులుంటాయి గనుక అది వృథా కాదు. అనపర్తి కోళ్లఫారాలకి దాణా.

7. నాన్నగారి లెక్క

ఇంతవరకు లెక్కలన్నీ మా అన్నయ్యకి చూపించాను. సంతోషించాడు. సెలవులకి ఇంటికెళ్లి నాన్నగారికి కూడా చదివి వినిపించాను. ఆయన చుట్ట ఆర్పి ఒకే ప్రశ్న వేశారు.

"అదంతా బానే ఉంది గానీ, ఎకరం దాళ్వా కారుకి పోస్తే ఎంత దూరం పోద్దిరా?"

అప్పుడు వేసిన లెక్క ఇది. దాళ్వాలో ఎకరానికి 40 బస్తాలనుకుందాం. బస్తాకి 75 కిలోలు, 3 టన్నుల ధాన్యం. మర పట్టిస్తే సుమారు 2 టన్నుల బియ్యం. అంతా ఇథనాలు చేస్తే 900 లీటర్లు. పెట్రోలు మీద లీటరుకి 12 కిలోమీటర్లు పోయే కారు ఇథనాలు మీద 8 పోతుంది. మొత్తం 7,200 కిలోమీటర్లు. అదే 2 టన్నుల బియ్యం, మనిషికి నెలకి 10 కిలోల చొప్పున, 16 మందికి ఏడాది తిండి.

చెరకు అయితే లెక్క మారుతుంది. ఎకరానికి 35 టన్నులు, రసం మొత్తం వాడితే టన్నుకి 70 లీటర్లు, అంటే 2,450 లీటర్లు. కానీ చెరకు ఏడాది పొడుగునా నేలనీ, నీటినీ పట్టుకుని కూర్చుంటుంది. ఒక్క లీటరు చెరకు ఇథనాలు వెనక 2,860 లీటర్ల నీళ్లున్నాయని నీతి ఆయోగ్ నివేదిక లెక్క. ధవళేశ్వరం ఆనకట్ట 1852 లో పూర్తయ్యేదాకా ఈ డెల్టా కరువులు చూసిన నేల. ఇప్పటికీ కాలవ శివారు రైతు నీటి కోసం లాకుల వైపు చూస్తూనే ఉంటాడు.

నాన్నగారు విని, "నూకలమ్మితే నాలుగు డబ్బులెక్కువొస్తే రైతు కాదనడు. కానీ బియ్యమే కారుకి పోస్తానంటే, రేపు నూకలు చెల్లేది మనకిరా, కారుకి కాదు" అన్నారు.

నాకు ఆయన మాటలో కెమిస్ట్రీ కనిపించింది. ఇథనాలు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి అర్థం లేదు. దేని నుంచి తీశారు అన్నదే ప్రశ్న. రంగు మారి, తడిసి, మిల్లువాడు తీసుకోననే ధాన్యానికి తుఫాను సంవత్సరంలో ఒక ధర వస్తే అది రైతుకి పెద్ద ఆసరా. తినే గింజ పోతే అది వేరే సంగతి. గడ్డి నుంచి ఇథనాలు తీసే పద్ధతీ ఉంది. 2022 ఆగస్టులో హర్యానాలోని పానిపట్టులో వరిగడ్డితో రోజుకి లక్ష లీటర్లు తీసే కర్మాగారాన్ని ప్రారంభించారు. కోత మిషన్లు వచ్చాక మన చేలల్లో కూడా గడ్డి తగలబెట్టడం చూస్తున్నాం. గొడ్డుకి పెట్టగా మిగిలిన గడ్డి కారుకి పెడితే ఎవరికీ నూకలు చెల్లవు.

8. చివరికి ఏం చేశాం?

ఎస్టీముని పూర్తి ఇథనాలుకి మార్చలేదు. కారణాలు మూడు. ఒకటి, ఇంధనం దొరకదు. 2024 మార్చిలో ఐదు రాష్ట్రాల్లో 183 బంకుల్లో ఒట్టి ఇథనాలు ఇంధనం అమ్మకం మొదలుపెట్టారు గానీ, ఆ ఐదింటిలో మనది లేదు. రెండు, ఇంట్లో కాచుకుందామంటే ఎక్సైజు చట్టం ఊరుకోదు. బండి కోసం కాచినా బట్టీ బట్టీయే. మూడు, 1988 మోటారు వాహనాల చట్టం 52 వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా బండిని అలా మార్చకూడదు. ఇవి తెలిశాక మా అన్నయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజున ఇద్దరం కలిసి చెయ్యగలిగింది చేశాం. గొట్టాలన్నీ ఇథనాలుకి తట్టుకునేవి వేశాం. ట్యాంకు కడిగాం. జెట్టు ఒక సైజు పెంచాం. ఇదివరకు తెల్లగా మాడినట్టుండే ప్లగ్గు మొనలు ఇప్పుడు లేత ఇటుకరంగులో ఉన్నాయి. అది ఆరోగ్యం. నాన్నగారి మోటారుసైకిలుకి కొత్త మూత రబ్బరు పాతిక రూపాయల్లో వచ్చింది. ఇప్పుడు ముసురు పట్టేముందు ఆయన ట్యాంకు నిండా కొట్టించి, మూత మీద పాత గోనె కప్పుతారు. ట్యాంకు నిండా ఉంటే తేమగాలికి లోపల చోటు తక్కువ గదా!

పూర్తి మార్పు లెక్కలు మాత్రం నా నోటుబుక్కులో భద్రంగా ఉన్నాయి. మన రాష్ట్రంలో ఆ ఇంధనం, అనుమతి రెండూ వచ్చిననాడు తీస్తాను. ఈలోగా మిత్రులెవరికైనా తమ బండి ఎంత తాగుతోందో తెలుసుకోవాలనుంటే చిన్నసీసాలో పెట్రోలు తెచ్చుకోండి. లెక్చరరుగారి అనుమతితో కొలజాడీ నేను తెస్తాను. నా లెక్కల్లో తప్పులుంటే గురువులు మన్నించి దిద్దగలరని కోరుతూ సెలవు.